అమార్ఫస్ ఇండోమెథాసిన్ డీఎస్‌సీ కర్వ్: ఏ పీక్ దేనిదో విడదీయడం

ప్రశ్న క్లుప్తంగా ఇది. ఇండోమెథాసిన్‌ని (నొప్పి, వాపు తగ్గించే మందు) కరిగించి, లిక్విడ్ నైట్రోజన్‌లో క్వెంచ్ చేసి (ఒక్కసారిగా చల్లార్చి), మోర్టార్‌లో నూరి, గది ఉష్ణోగ్రతలో రెండు వారాలు ఉంచారు. ఆ పొడిని డీఎస్‌సీలో (వేడి చేస్తుండగా శాంపిల్ ఎంత వేడి పుచ్చుకుంటోందో, ఎంత వదులుతోందో కొలిచే మెషిన్) నిమిషానికి 10 డిగ్రీల వేగంతో వేడి చేస్తే 48 డిగ్రీల దగ్గర ఏదో కరిగినట్టు చిన్న పీక్ వచ్చింది. 50 నుంచి 110 దాకా వెడల్పాటి ఎండోథెర్మ్ (వేడి పుచ్చుకోవడం), దాని చివర 105 దగ్గర ఎక్సోథెర్మ్ (వేడి వదలడం), ఆ తర్వాత 153 దగ్గర ఒకటి, 160 దగ్గర ఇంకా చిన్నది ఒకటి మెల్టింగ్ పీకులు ఉన్నాయి. టీజీ (గట్టి గ్లాస్ మెత్తబడే ఉష్ణోగ్రత) దగ్గర రావాల్సిన మెట్టు ఎక్కడా కనపడలేదు. ఎక్స్‌ఆర్‌డీలో (క్రిస్టల్‌ని పట్టే ఎక్స్‌రే పరీక్ష) మాత్రం ఒట్టి హాలోయే, అంటే పదునైన పీకులు లేని వెడల్పాటి ఉబ్బే. బ్యాచ్‌ని అమార్ఫస్ (క్రిస్టల్ అమరిక లేని, గ్లాస్ లాంటి ఘనం) అని రాయవచ్చా? టీజీ ఎంత అని రాయాలి?

ఇప్పుడున్న కర్వ్‌తో "పూర్తిగా అమార్ఫస్" అని రాయకండి. 160 దగ్గరున్న ఆ చిన్న పీకే అందుకు అడ్డం. టీజీ విషయానికొస్తే, ఈ పొడికి టీజీ ఒక్కటే ఉండదు. లోపల ఎంత నీరుంది, ఎన్నాళ్లు నిలవుంది, ఏ వేగంతో చల్లబడింది, ఏ వేగంతో వేడి చేశారు అన్నదాన్ని బట్టి అది పైకీ కిందికీ జరుగుతూ ఉంటుంది. ఈ నాలుగూ పక్కన లేని టీజీ అంకెని ఇంకో ల్యాబ్‌లో ఎవరూ తిరిగి రాబట్టలేరు. కాబట్టి అంకె కోసం వెతికే ముందు, ఒకదాని మీద ఒకటి పడి ఉన్న ఈ సంఘటనల్ని విడదీయాలి.

చేతిలో ఉంచుకోవాల్సిన అంకెలు కొన్ని. ఇక్కడ పనికొచ్చే రెండు క్రిస్టల్ రూపాల్లో గామా ఇండోమెథాసిన్ 160–161 డిగ్రీల దగ్గర, ఆల్ఫా 154 దగ్గర కరుగుతాయి. పొడిగా ఉన్న అమార్ఫస్ పదార్థానికి 10 డిగ్రీల వేగంలో టీజీ సుమారు 42 డిగ్రీలు. టీజీ దగ్గర హీట్ కెపాసిటీ గ్రాముకి, డిగ్రీకి సుమారు 0.4 జౌల్ పెరుగుతుంది. గామా కరగడానికి గ్రాముకి 110 జౌల్స్ చుట్టుపక్కల కావాలి.

48 దగ్గరి పీక్ మెల్టింగ్ కాదు, నిలవ వల్ల వచ్చింది. 25 డిగ్రీలంటే టీజీకి 17 డిగ్రీలు కింద. అక్కడ గ్లాస్ గడ్డకట్టి కూర్చోదు, మెల్లగా సర్దుకుంటూ, ఎంథాల్పీని (లోపలున్న వేడిని) పోగొట్టుకుంటూ ఉంటుంది. దీన్నే ఏజింగ్ అంటారు. వేడి చేసినప్పుడు టీజీ దాటగానే ఆ పోయినదంతా ఒక్కసారిగా తిరిగి పుచ్చుకుంటుంది. అది టీజీ మెట్టు చివర పీక్‌లా లేస్తుంది. గరిష్ఠంగా ఎంత ఉండొచ్చో లెక్క తేలికే: 0.4ని 17తో గుణిస్తే గ్రాముకి సుమారు 7 జౌల్స్. రెండు వారాల్లో ఆ హద్దుకి లోపలే ఉంటుంది. కొలిచిన పీక్ 15, 20 జౌల్స్ ఉంటే మాత్రం అది ఏజింగ్ కాదు, వేరే ఏదో కలిసింది. ఏజింగ్‌తో పీక్ పైకి జరుగుతుంది కూడా. అందుకే 42కి బదులు 48 దగ్గర కనపడింది.

మరి మెట్టు ఏమైంది? నీరు మింగేసింది. ఇది అంకెలతో చూస్తేనే నమ్మకం కుదురుతుంది. నిమిషానికి 10 డిగ్రీలంటే సెకనుకి 0.167 డిగ్రీ. దాన్ని 0.4తో గుణిస్తే టీజీ మెట్టు ఎత్తు గ్రాముకి 0.067 వాట్. పొడిలో 1 శాతం నీరుందనుకోండి. గ్రాము నీరు ఆవిరవడానికి సుమారు 2400 జౌల్స్ కావాలి, అంటే గ్రాము పొడికి 24 జౌల్స్. 50 నుంచి 110 దాకా వెళ్లడానికి 360 సెకన్లు పడుతుంది. 24ని 360తో భాగిస్తే సగటున గ్రాముకి 0.067 వాట్. మెట్టు ఎత్తెంతో నీటి గొయ్యి (ఆ వెడల్పాటి ఎండోథెర్మ్) సగటు లోతూ అంతే, పైగా రెండూ ఒకే వైపుకి. పీక్ అయ్యాక బేస్‌లైన్ కొత్త ఎత్తులో నిలబడాల్సిన చోటే గొయ్యి మొదలవుతోంది కాబట్టి మెట్టు కంటికి ఆనదు.

నీరు మెట్టుని దాచడమే కాదు, కిందికి లాగుతుంది కూడా. నీటి టీజీని 136 కెల్విన్‌గా, మందు టీజీని 315 కెల్విన్‌గా, మందు సాంద్రతను 1.32గా తీసుకుని గోర్డన్–టేలర్ సమీకరణంలో (మిశ్రమం టీజీని అంచనా కట్టేది) వేస్తే, 1 శాతం నీటికి టీజీ 42 నుంచి 37కి, 2 శాతానికి 31కి దిగుతుంది. 40 డిగ్రీలు, 75 శాతం తేమ ఉండే యాక్సిలరేటెడ్ ఛాంబర్‌లో (మందు నిలవ గుణాన్ని త్వరగా పరీక్షించే పెట్టె) ఈ పొడిని పెడితే అది గ్లాస్‌గా ఉండదు, టీజీ దాటిన చిక్కటి ద్రవంగా ఉంటుంది. అక్కడ వచ్చిన ఫలితాన్ని కిందికి లాగి గది ఉష్ణోగ్రతకి అంచనా కట్టడం తప్పు. రెండు వేర్వేరు స్థితులవి.

ఇక పని వరస. మొదట డీఎస్‌సీ కాదు, టీజీఏ (వేడి చేస్తూ బరువు ఎంత తగ్గుతోందో చూసే పరీక్ష). 10 మి.గ్రా. పొడి, నైట్రోజన్, నిమిషానికి 10 డిగ్రీల వేగం, 250 దాకా. 110లోపు పోయిన బరువు నీటిది, తయారీలో మిగిలిపోయిన ద్రావణిది (సాల్వెంట్). దాన్ని నీటిని మాత్రమే కొలిచే కార్ల్ ఫిషర్ పరీక్షతో సరిపోల్చండి. టీజీఏలో 1.4 శాతం, కార్ల్ ఫిషర్‌లో 0.9 వస్తే తేడా ద్రావణిది కావచ్చు. స్ప్రే డ్రై చేసిన బ్యాచ్‌లలో ఇది మామూలే, ద్రావణి కూడా టీజీని దింపుతుంది. తర్వాత వేరే శాంపిల్‌ని 175 దగ్గర 10 నిమిషాలు ఊరికే ఉంచి బరువు నిలకడగా ఉందో చూడండి. బరువు మారకపోయినా మందు విరిగిపోలేదని కాదు, ఆవిరి కాని ముక్కలు పాన్‌లోనే ఉంటాయి. కాబట్టి క్వెంచ్ చేసిన పదార్థాన్ని ఒకసారి హెచ్‌పీఎల్‌సీకి (మందులోని మలినాల్ని విడదీసి కొలిచే పరీక్ష) పంపాల్సిందే. విరిగిన ముక్కలు రెండు శాతం ఉన్నా టీజీ మారుతుంది, క్రిస్టలైజేషన్ వేగం కూడా మారుతుంది.

డీఎస్‌సీలో ఒకే పొడికి మూడు రన్‌లు వేయండి. ఒక్కోదానికి 5 నుంచి 8 మి.గ్రా., పాన్ అడుగున పల్చగా పరిచి, నైట్రోజన్ నిమిషానికి 50 మి.లీ. చొప్పున.

మొదటిది మూత బిగించిన హెర్మెటిక్ (గాలి చొరబడని) పాన్. నీరు బయటికి పోదు కాబట్టి గొయ్యి మాయమవుతుంది, మెట్టు బయటపడుతుంది. ఇది తడి టీజీ, అంటే సీసాలో ఇప్పుడు నీటితో సహా ఉన్న పౌడర్ టీజీ. మైనస్ 20 నుంచి మొదలుపెట్టి 80కి ఆపేయండి. రన్ అయ్యాక పాన్‌ని మళ్లీ తూచాలి. 0.05 మి.గ్రా. తగ్గినా సీల్ కారినట్టే, ఆ రన్ లెక్కలోకి రాదు. 6 మి.గ్రా. శాంపిల్‌లో 1 శాతం నీరంటే మొత్తం 0.06 మి.గ్రా.యే కదా, అందుకే మైక్రోబ్యాలెన్స్ లేకుండా ఈ పరీక్షకి అర్థం లేదు.

రెండోది మూతకి సూదంత రంధ్రం ఉన్న పాన్, హీట్–కూల్–హీట్. 20 నుంచి 70 దాకా వేడి చేసి, అక్కడ ఐదు నిమిషాలు ఉంచి, నిమిషానికి 10 డిగ్రీలతో 0కి దించి, మళ్లీ 10తో 180 దాకా. మొదటి వేడిలో నీరు పోతుంది, ఏజింగ్ చెరిగిపోతుంది. రెండో వేడిలో కనపడేది పొడి (నీరు లేని) టీజీ, చల్లబరిచిన వేగం తెలిసిన టీజీ. ప్రచురించిన విలువలతో పోల్చాల్సింది దీన్నే. మొదటి వేడిని 70 దగ్గర ఆపమనడానికి కారణం ఉంది. చాలామంది నేరుగా 180కి తీసుకెళ్లి, కరిగించి, రెండో వేడిలో చక్కటి టీజీ వచ్చిందని అదే రాసేస్తారు. అలా చేస్తే సీసాలోని పొడిని కొలిచినట్టు కాదు, పాన్‌లో కొత్తగా తయారుచేసిన గ్లాస్‌ని కొలిచినట్టు. స్వచ్ఛమైన గామా పొడి వేసినా రెండో వేడిలో అదే టీజీ వస్తుంది.

మూడోది కంట్రోల్, ఈ మొత్తంలో అన్నిటికన్నా విలువైనది ఇదే. తాజా గామా పొడిని పాన్‌లోనే 175కి తీసుకెళ్లి రెండు నిమిషాలు ఉంచి, నిమిషానికి 20 డిగ్రీలతో 0కి దించి, 10తో వేడి చేయండి. ఇండోమెథాసిన్ మంచి గ్లాస్ ఫార్మర్. పర్డ్యూ యూనివర్సిటీలో లిన్ టేలర్ బృందం 2010లో మందుల్ని మూడు తరగతులు చేసింది: చల్లబరుస్తుండగానే క్రిస్టలైజ్ అయ్యేవి (కార్బమజెపిన్ లాంటివి), మళ్లీ వేడి చేసినప్పుడు అయ్యేవి (పారాసెటమాల్, సెలెకాక్సిబ్), రెండిట్లోనూ కానివి. ఇండోమెథాసిన్, ఫెలోడిపిన్, ఇట్రాకోనజోల్ మూడో తరగతి. కాబట్టి మీ కంట్రోల్‌లో 42 దగ్గర మెట్టు తప్ప ఇంకేమీ ఉండకూడదు, 105 దగ్గర ఎక్సోథెర్మ్ గానీ, చివర్న మెల్టింగ్ గానీ.

ఇప్పుడు మీ పాత కర్వ్‌కి వద్దాం. కంట్రోల్‌లో లేని ఎక్సోథెర్మ్ మీ పొడిలో ఉంది. మందు అదే, వేగం అదే. తేడా నూరడం, రెండు వారాల నిలవ. నూరితే ఉపరితలం వందల రెట్లు పెరుగుతుంది. ఇండోమెథాసిన్‌కి ఉపరితలం మీద క్రిస్టల్ పెరిగే వేగం లోపలికన్నా చాలా ఎక్కువ, ఎందుకంటే పై పొరలోని అణువులకి కదలిక స్వేచ్ఛ ఎక్కువ. ముక్కగా ఉన్న గ్లాస్ నెలల తరబడి నిలిచే చోట నూరిన పొడి రోజుల్లో మొదలుపెడుతుంది. పైగా మోర్టార్‌లో పాత గామా రవ్వ ఒక్కటి మిగిలినా అది విత్తనమే.

రెండు మెల్టింగ్‌ల సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. విస్కాన్సిన్ యూనివర్సిటీలో జార్జ్ జోగ్రఫీ బృందం 1994లో చూపించింది ఏమిటంటే, టీజీకి కింద నిలవ ఉంచితే ఈ మందు ఎక్కువగా గామాగా, టీజీకి బాగా పైన ఆల్ఫాగా క్రిస్టలైజ్ అవుతుంది. అంటే 105 దగ్గర డీఎస్‌సీలోనే పుట్టినది ఆల్ఫా, అది 153 దగ్గర కరిగింది. అది మీ సీసాలో లేదు. 160 దగ్గర కరిగిన గామా మాత్రం వేడి చేయకముందే, కనీసం విత్తనాలుగా, సీసాలో ఉండి ఉండాలి. దీన్ని ఊహగా వదలకుండా తేల్చుకునే దారి ఉంది. రెండో పాన్‌ని 125 దగ్గర ఆపి, చల్లార్చి, తెరిచి ఎక్స్‌ఆర్‌డీ తీయండి. హాట్ స్టేజ్ మైక్రోస్కోప్ ఉంటే ఇంకా మంచిది, ఆల్ఫా సన్నటి సూదుల గుత్తుల్లా కనపడుతుంది. ఆ తర్వాత వేగం పెంచి నిమిషానికి 40 డిగ్రీలతో ఒక రన్ వేయండి. వేడి చేస్తుండగా పుట్టేదైతే టైమ్ చాలక చిన్నదవుతుంది. ముందే ఉన్నదైతే అలాగే నిలుస్తుంది.

ఎక్స్‌ఆర్‌డీలో హాలోయే ఉంది కదా అంటారు. మామూలు ల్యాబ్ సెట్టింగ్‌లో 5 శాతంలోపు క్రిస్టల్ హాలోలో కలిసిపోవచ్చు. స్టెప్‌కి సమయం పెంచి, గామాకి బలమైన పీకులున్న చిన్న పరిధిలోనే నెమ్మదిగా స్కాన్ చేస్తే కొంత కిందికి దిగొచ్చు.

ఎంత శాతం క్రిస్టల్ ఉందో డీఎస్‌సీతో లెక్కగట్టేటప్పుడు ఒక పొరపాటు పదేపదే రిపోర్టుల్లోకి ఎక్కుతోంది. మెల్టింగ్ ఎంథాల్పీలోంచి క్రిస్టలైజేషన్ ఎంథాల్పీ తీసేసి, మిగిలినదాన్ని 110తో భాగించి అదే మొదట్నుంచీ ఉన్న క్రిస్టల్ అంటారు. కానీ 105 దగ్గర క్రిస్టలైజ్ అయితే విడుదలయ్యే వేడి, 161 దగ్గర కరగడానికి పట్టే వేడికి సమానం కాదు. ద్రవానికీ క్రిస్టల్‌కీ హీట్ కెపాసిటీ తేడా ఉంది. ఆ తేడా సగటున 0.35 అనుకుంటే, 56 డిగ్రీల దూరానికి దాదాపు 20 జౌల్స్. అంటే నూటికి నూరు పాళ్లూ అమార్ఫస్ అయిన పొడి, మొత్తం క్రిస్టలైజ్ అయి మొత్తం కరిగినా, 90 విడుదల చేసి 110 పుచ్చుకుంటుంది. ఆ 20ని 110తో భాగిస్తే 18 శాతం క్రిస్టల్ ఉన్నట్టు వస్తుంది, అసలు ఒక్క రవ్వ లేకపోయినా! ఆల్ఫా, గామా కలిసినచోట, వాటి ఎంథాల్పీలు వేరు కాబట్టి, ఇంకా గజిబిజి. ఈ మందుకి ఆ పద్ధతి వద్దు. టీజీ దగ్గర డెల్టా సీపీని (హీట్ కెపాసిటీ పెరుగుదలని) కంట్రోల్ డెల్టా సీపీతో భాగిస్తే అమార్ఫస్ వాటా నేరుగా వస్తుంది. 5 శాతంకన్నా మెరుగ్గా తేల్చలేదు గానీ, అబద్ధం చెప్పదు.

ఏజింగ్ పీక్‌నీ మెట్టునీ ఒకే రన్‌లో విడదీయాలంటే మాడ్యులేటెడ్ డీఎస్‌సీ ఉంది, అంటే ఉష్ణోగ్రతని అలలా ఊపుతూ వేడి చేయడం. నిమిషానికి 2 డిగ్రీలు, పీరియడ్ 60 సెకన్లు. టీజీ ఒక్కటే చూడాలంటే ఆంప్లిట్యూడ్ 1 డిగ్రీ పెట్టొచ్చు. క్రిస్టలైజేషన్, మెల్టింగ్ కూడా చూడాలంటే 0.318 మించకూడదు. ఆ హద్దు దాటితే ప్రతి చక్రంలో శాంపిల్ కాసేపు చల్లబడుతుంది. అప్పుడు సగం కరిగిన క్రిస్టల్ మళ్లీ గడ్డకట్టి, లేని క్రిస్టలైజేషన్ కనపడుతుంది. నిమిషానికి డిగ్రీల్లో ఉన్న వేగాన్ని నిమిషాల్లో ఉన్న పీరియడ్‌తో గుణించి 2π (సుమారు 6.28)తో భాగిస్తే ఏ సెట్టింగ్‌కైనా ఆ హద్దు వస్తుంది. మెషిన్ ఈ రన్‌ని రెండు సిగ్నల్స్‌గా విడదీస్తుంది: రివర్సింగ్ సిగ్నల్‌లో మెట్టు, నాన్ రివర్సింగ్‌లో ఏజింగ్, నీరు, క్రిస్టలైజేషన్ వస్తాయి. మెట్టు వెడల్పులో కనీసం నాలుగు చక్రాలు పట్టాలి. పట్టకపోతే వేగం 1కి తగ్గించండి. మెల్టింగ్ దగ్గర రివర్సింగ్, నాన్ రివర్సింగ్ విడివిడి అంకెలని మాత్రం నమ్మకండి, అక్కడ టోటల్ సిగ్నలే చూడాలి.

మెషిన్ వైపు నుంచి వచ్చే దొంగ పీకులు కొన్ని. 0 డిగ్రీల దగ్గర చిన్న కుదుపు వస్తే అది మందుది కాదు, పర్జ్ గ్యాస్‌లోనో పాన్ మీదో ఉన్న తేమ మంచైనది. పాన్‌లోనే క్వెంచ్ చేసిన గ్లాస్ టీజీకి కింద పగిలితే సూదిలాంటి గీతలు వస్తాయి. టీజీ దాటగానే ఈ పౌడర్ మెత్తబడి కుప్పకూలుతుంది, పాన్ అడుగుతో దాని ఆనిక మారుతుంది, బేస్‌లైన్ ఎగుడుదిగుడవుతుంది. మూతతో కాస్త అదిమిన పాన్ వాడితే ఇది బాగా తగ్గుతుంది. కాలిబ్రేషన్‌కి ఇండియం 156.6 ఒక్కటే చాలదు, మీ టీజీ 42 దగ్గరుంది. 29.8 దగ్గర కరిగే గాలియం బాగుంటుంది గానీ దాన్ని అల్యూమినియం పాన్‌లో వేయకండి. అల్యూమినియంని తినేసి సెన్సార్ దాకా పోతుంది. డెల్టా సీపీ వాడబోతున్నారు కాబట్టి సఫైర్‌తో హీట్ కెపాసిటీ కాలిబ్రేషన్ తప్పనిసరి.

తర్వాతి బ్యాచ్‌కి: లిక్విడ్ నైట్రోజన్‌లోంచి తీసిన డబ్బాని వెంటనే తెరవకండి. చల్లటి గ్లాస్ మీద గాలిలోని తేమ అంతా చేరుతుంది, జులై, ఆగస్టుల్లో హైదరాబాద్, విశాఖ ల్యాబ్‌ల్లో అయితే మరీనూ. డెసికేటర్‌లో గది ఉష్ణోగ్రతకి వచ్చాక తెరిచి, నూరకుండా ముక్కలుగానే ఉంచి, తేమని పీల్చే ఫాస్ఫరస్ పెంటాక్సైడ్ ఉన్న డెసికేటర్‌లో 4 డిగ్రీల దగ్గర దాచండి. నూరాల్సి వస్తే కొలిచే రోజే, ఏసీ గదిలో, కొత్త మోర్టార్‌తో. టీజీకి 50 డిగ్రీలు కింద నిలవ ఉంచాలన్న మాట తరచూ వినపడుతుంది. హాంకాక్, షాంబ్లిన్, జోగ్రఫీ 1995లో చేసిన రిలాక్సేషన్ కొలతల నుంచి వచ్చిందది. ఈ మందుకి అలా అయితే మైనస్ 8 కావాలి, ఫార్మసీ షెల్ఫ్ మీద అది జరగని పని.

అందుకే పాలిమర్. 30 శాతం పీవీపీ కె30 (మందుల్లో వాడే ఒక పాలిమర్) కలిపితే గోర్డన్–టేలర్ లెక్కన టీజీ 72 దాకా వెళ్తుంది. కానీ పీవీపీ తేమని బాగా పీలుస్తుంది. 3 శాతం నీరు చేరితే అదే లెక్కన 53కి పడిపోతుంది. అక్కడ పైన చెప్పిన రన్‌ల సలహా ఒకచోట తిరగబడుతుంది. మందు, పాలిమర్ విడిపోయాయా లేదా అన్నది మొదటి వేడిలోనే చూడాలి. వేడెక్కిన పాలిమర్‌లోకి మందు కరిగిపోతుంది కాబట్టి రెండో వేడిలో ఒకే టీజీ రావడం దేనికీ రుజువు కాదు. అదే కారణంగా, చివర్న మెల్టింగ్ పీక్ లేకపోయినా మొదట క్రిస్టల్ లేదని చెప్పలేం. 160కి చేరేలోపే అది పాలిమర్‌లో కరిగిపోయి ఉండొచ్చు. ఆ మిశ్రమాలకి ఎక్స్‌ఆర్‌డీ పక్కన లేని డీఎస్‌సీ మీద ఆధారపడకండి.

ప్రస్తుత బ్యాచ్‌కి మూడు రన్‌లూ అయ్యాక రిపోర్టులో ఇలా రాయొచ్చు: "అమార్ఫస్ పదార్థమే ఎక్కువ, గామా విత్తనాలున్నాయి. పొడి టీజీ మిడ్‌పాయింట్ ఇంత, వేడి, చల్లబరచడం రెండూ నిమిషానికి 10 డిగ్రీలు, పిన్‌హోల్ పాన్, రెండో వేడి. తడి టీజీ ఇంత, నీరు ఇంత శాతం, హెర్మెటిక్ పాన్, తయారైన 14వ రోజు." మిడ్‌పాయింటో (మెట్టు మధ్య) ఆన్‌సెటో (మెట్టు మొదలు) తప్పక చెప్పండి, రెండిటికీ మధ్య రెండు మూడు డిగ్రీలు తేడా ఉంటుంది. వేగం పది రెట్లు మారితే ఇంకో నాలుగు డిగ్రీలు జరుగుతుంది.

ఆ మూడు రన్‌ల ఫైళ్లు, ప్రతి పాన్‌కీ ముందూ తర్వాతా బరువులు ఇక్కడే పెట్టండి. 160 పీక్ కింద ఉన్న వైశాల్యం చూస్తే గామా ఎంత ఉందో ఇంకాస్త దగ్గరగా చెప్పొచ్చు.